మాట పోయాక బావ ఆడిన ఆట

మా బావ సునాబెడ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తొంభైల చివర్లో ప్రతి ఆదివారం నేను కొరాపుట్‌లో మా కొట్టు మూసి, బస్సెక్కి, ఆయన క్వార్టర్‌కి బ్రిడ్జి పేకాట ఆడటానికి వెళ్లేవాణ్ణి. ఆటలో ఆయనా నేనూ ఒక జట్టు. బావకి నో ట్రంప్ అంటే పిచ్చి. ఏ రంగుకీ తురుపు బలం ఉండకూడదనీ, పెద్ద ముక్కలతోనే గెలవాలనీ ఆయన పంతం. "త్రీ నో ట్రంప్!" అని ఆట ముందు వేలంలో అరిస్తే పక్క క్వార్టర్ల దాకా వినిపించేది.

తర్వాత ఆయన గొంతులో కేన్సర్ వచ్చింది. ఆపరేషన్‌తో మాట పోయింది.

కాస్త కోలుకున్నాక ఒక ఆదివారం మళ్లీ ఆటకి కూర్చున్నాం. తన వంతు రాగానే బావ అలవాటుగా నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మూడు వేళ్లు చూపించాడు.

"ఏ రంగు సార్?" అని ఎదుటి జట్టాయన మెల్లగా అడిగాడు. బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. నేను చెప్పేలోపే, ఏనాడూ పేక ముట్టని మా అక్క వంటింటి గుమ్మంలోంచి అంది.

"రంగు కాదండి. నో ట్రంప్ అంతన్నారు."

బావ ముక్కలు బోర్లించి, ఆమె వైపు చూస్తూ ఏడ్చేశాడు. ఆ ఆట మేం ముగించలేదు.

వానలు మొదలవకముందే బావ పోయాడు. అక్క మా ఇంటికి వచ్చేసింది. అరుగు మీద ఎవరైనా పేక కలుపుతుంటే లేచి లోపలికి వెళ్లిపోయేది.