ఆళ్లగడ్డ మలుపులో ఇంటికొక వంతు

1982లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బదిలీ చేశారు. రోడ్ల పనులు చూసే చిన్న ఆఫీసులో నాది ట్రేసర్ ఉద్యోగం. ట్రేసర్ అంటే ఏమిటని నాతో బి.ఏ. చదివిన వాళ్లే అడిగేవారు కనుక ఇక్కడా చెబుతున్నాను. ఇంజనీరు పెన్సిలుతో గీసిన పటం మీద ట్రేసింగ్ క్లాత్ అనే పలచని గుడ్డ పరిచి, కింద కనిపించే గీతలన్నీ నల్లసిరాతో దిద్దాలి. తరువాత ఎన్ని ప్రతులు కావాలన్నా ఆ గుడ్డ నుంచే తీస్తారు. చెమట చుక్క పడితే గుడ్డ పాడవుతుంది, తుమ్మితే గీత పాడవుతుంది. నోరు మూసుకుని చేయాల్సిన పని. దాన్ని తెచ్చి నాకిచ్చారు.

ఊరి చివర నంద్యాల రోడ్డు మలుపులో, సుబ్బరాయశెట్టి అంగడి పైన గది బాడుగకు దొరికింది. నాకు పెళ్లి కాలేదు. అమ్మ పోయాక నంద్యాలలో అన్న ఇంట్లో నా మంచం మీద వాళ్ల బట్టలు పేరుకున్నాయి. వాటిని తీసి పక్కన పెట్టమని అడగడం ఇష్టం లేక ఆదివారాలు కూడా ఆళ్లగడ్డలోనే ఉండిపోయేదాన్ని. సాయంత్రం ఒక మనిషికి సరిపడా అన్నం వండుకోవడం, రేడియోలో వార్తలు చదివేవాడితో వాదించడం, పడుకోవడం. అందువల్ల పగలు ఎవరైనా మాట కలిపితే అంత తొందరగా వదిలేదాన్ని కాదు. నోరెక్కువ మనిషినని ఆఫీసులో పేరొచ్చింది. అబద్ధమని నేనూ అనను.

మలుపుకు ఒక పక్క అంగళ్లు, వాటి వెనక శెట్ల ఇళ్లు, బడి. రెండో పక్క చర్చి వీధి. ఆ వీధి పిల్లలు బడికి రావాలంటే రోడ్డు దాటాలి. నంద్యాల బస్సులు, నాపబండల లారీలు, అహోబిలం నుంచి తిరిగి పోయే భక్తుల జీపులు, అన్నీ ఊరు దాటిన సంతోషంతో సరిగ్గా అక్కడే వేగం అందుకునేవి.

ఆ జీపుల్లో ఒకటి సువార్త అనే పిల్లను కొట్టింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి సువార్తకు చెవులు పోయాయి. జీపువాడు హారన్ కొట్టుకుంటూనే వచ్చాడు, పిల్ల నేల చూసుకుంటూనే నడిచింది. చెయ్యి విరిగి బతికింది. వాళ్లమ్మ రూతమ్మ కూలి మనిషి, మగదిక్కు లేదు. కట్టు విప్పాక కూడా పిల్లను బడికి పంపలేదు. ఆ బడిలోనే చెప్పే దేవదానం మాస్టారు చర్చి వీధి మనిషి. సువార్త పెదవులు చూసి పాఠం పట్టుకుంటుందనీ, ఇప్పుడు మానితే ఇక మానినట్టేననీ ఆయన బాధ.

మాస్టారు, సుబ్బరాయశెట్టి కలిసి రెండు పక్కల వాళ్లనూ బడి వరండాలో కూర్చోబెట్టారు. అంతకుముందు ఈ రెండు వీధులకూ అప్పు దగ్గర తప్ప మాటల్లేవు. అర్జీ రాశారు. అందులో అడిగింది ఏమిటంటే, మలుపులో 'హారన్ కొట్టుము' అని బోర్డు పెట్టమని. నేను పిలవకుండానే వెళ్లి కూర్చున్నదాన్ని, ఊరుకోలేకపోయాను. హారన్ కొట్టినా వినలేని పిల్ల కోసం హారన్ బోర్డు అడిగే తెలివి ఎవరిదో చెప్పమన్నాను. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. మనకు కావలసింది స్పీడ్ బ్రేకర్, అంటే రోడ్డుకు అడ్డంగా వేసే గట్టు అని చెప్పి, సైట్ ప్లాన్ నేనే గీసిస్తానన్నాను. సైట్ ప్లాన్ అంటే ఆ చోట ఏమేమి ఉన్నాయో చూపే పటం. చర్చి, బడి, అంగళ్లు, మైలురాయి, మోరీ అన్నీ గుర్తులతో పెట్టి, పిల్లలు దాటే చోట రోడ్డుకు అడ్డంగా రెండు గీతలు గీశాను. ఆ ఊళ్లో నలుగురి మధ్య కూర్చుని చేసిన మొదటి పని అది. ఆ పటం చుట్టూ మూగి, ఇది మా ఇల్లు, ఇది మా చింతచెట్టు అని వేళ్లు పెట్టి చూపించుకుంటుంటే, సిరా ఆరలేదు చేతులు తీయండని కసిరాను గానీ, లోపల బాగానే ఉండింది.

మా ఆఫీసరు చూడడానికి వచ్చేసరికి ఉలవ కోతలు అయ్యాయి. మా వైపు సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. కోసిన ఉలవ కట్టెను, అంటే కాయలతో ఎండిన తీగలను, తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. బండి దాటగానే ఆడవాళ్లు పంగకర్రతో కట్టెను తిరగేస్తారు, మళ్లీ బండి కోసం చూస్తారు. వేరే కల్లం అక్కర్లేదు, ఎద్దులక్కర్లేదు. ఆ రోజు మలుపు పొడుగునా మెత్తటి పరుపులా కట్టె. సగం శెట్టి పొలానిది, సగం చర్చి వీధి వాళ్లది. ఆఫీసరు జీపు ఇరుసుకు కట్టె చుట్టుకుని ఆగిపోయింది. ఆయన దిగి, దులుపుకుని, పటం చూసి, కట్టె చూసి ఒకటే మాట అన్నాడు. రోడ్డు మీద ఇక కల్లం చేసేది లేదని అందరూ సంతకాలు పెట్టి ఇస్తే గట్టుకు రాస్తాను, లేకపోతే లేదు.

మళ్లీ వరండాలో కూర్చున్నారు. శెట్టి ముందే తేల్చేశాడు.

"గవర్నమెంటోళ్లు మాకిచ్చిందేందంటే ఆ రోడ్డొకటే. దాని మీద గింజ రాలనీకుంటే అదెందుకమ్మా మాకు?"

"ఉలవలు యాడైనా రాల్తాయి శెట్టీ. ఆ పిల్ల దాటాల్సిన రోడ్డు ఇదొకటే."

"నీకేం తల్లీ, సేనా సెలకా? నెల కాంగానే జీతమొస్తాది."

జీతం రోడ్డు మీద రాలదని, దానికీ ఒళ్లు వంచాలని అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఉలవ గుగ్గిళ్లు తిని అరిగించుకోండి, రేపు ఇంకో పిల్ల పడితే అదీ అరిగించుకోండి అన్నాను. చర్చి వీధి వాళ్లు నా వైపు ఉంటారనుకున్నాను. వాళ్లు శెట్టి కంటే ముందు లేచిపోయారు. మాస్టారు మాత్రం, అందరి ఉసురూ ఒక్కసారే పోసుకోవద్దమ్మా అని మెల్లగా చెప్పి వెళ్లారు. వరండాలో పటం, నేను మిగిలాం.

మరుసటి సాయంత్రం రూతమ్మ మెట్లెక్కి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. జుట్టు నిండా ఉలవ పొట్టు.

"అక్కా, నువ్వు నా బిడ్డ పేరెత్తి కొట్లాడొద్దు."

"ఏం, నేనేమన్నా తప్పు మాట్లాడినానా?"

"తప్పని ఎవరన్నారు? కల్లం రోడ్డు మీదనుంచి పోతే నన్ను పనికి పిలిచేదెవరు? కట్టె తిరగేసేది నేనే, గింజ తూర్పారబట్టేది నేనే. యాడాదికి ఇంట్లోకి వచ్చే గింజలు అవే. రేపు శెట్టి ఇంటికి పోతే, మీ ఆఫీసమ్మను అడుక్కోపో అంటారు. నువ్వు బదిలీ అయి పోతావు. నేను ఈడ్నే ఉండల్ల."

"మరి పిల్ల బడి?"

"బడికి పోకుంటే సావదు. రోడ్డు మీదికి పోతే సస్తాది."

అంతే చెప్పి దిగిపోయింది. నాకు తిరుగు మాట దొరకని సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి మాటలు చాలా దొరికాయి. వినేందుకు మెట్ల మీద ఎవరూ లేరు.

సంతకాలు పడలేదు. అర్జీ ఆఫీసులోనే ఆగింది. నేను అంగడికి వెళ్తే శెట్టి సరుకు ఇచ్చేవాడు, మాట కలిపేవాడు కాదు. చర్చి వీధి ఆడవాళ్లు నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు. ఆ నెలలో రేడియోవాడితో తప్ప నేను ఎవరితోనూ పోట్లాడలేదు.

అయితే గది కిటికీ మలుపు మీదికే ఉండడం వల్ల ఒకటి చూశాను. రూతమ్మ పగలంతా పంగకర్రతో రోడ్డు మీదే ఉండేది, సువార్తను చెట్టు కింద కూర్చోబెట్టి. బడి గంట కొట్టగానే చర్చి వీధి పిల్లలు వచ్చి నిలబడేవారు. రూతమ్మ పంగకర్రను రోడ్డుకు అడ్డంగా ఎత్తేది. కట్టె మీద జారుతుందని ఎట్లాగూ మెల్లగా వచ్చే డ్రైవర్లు ఆగేవారు. పిల్లలు దాటేవారు. రెండు మూడు రోజులు చూసి, ఆ పిల్లల్లోకి సువార్తను కూడా తోసింది. పిల్ల మళ్లీ బడికి పోయింది.

ఉలవ అయిపోయింది. రోడ్డు ఊడ్చారు, కర్ర ఇంటికి పోయింది. మరునాడు పొద్దున పిల్లలు బండ్లు ఆగుతాయనే అలవాటు కొద్దీ అటూ ఇటూ చూడకుండా రోడ్డెక్కారు. నాపబండల లారీ వస్తోంది. శెట్టి భార్య లక్ష్మీదేవమ్మ అంగడి ముందు ముగ్గేస్తూ చూసి, పిండి చెంబు అట్లాగే పట్టుకుని రోడ్డు మధ్యకు పోయి నిలబడింది. లారీ ఆగింది. డ్రైవరు తిట్టిన తిట్లకు ఆమె తిరిగి తిట్టిన తిట్లు నాకు కూడా కొత్త.

ఆ సాయంత్రమే రెండు పక్కల వాళ్లూ మళ్లీ కలిశారు. ఈసారి అర్జీ లేదు. కాలువ నీళ్లకు వంతులు పెట్టుకున్నట్టే రోడ్డుకూ పెట్టుకున్నారు. ఇంటికొక రోజు. పొద్దున, సాయంత్రం ఆ ఇంటివాళ్లు రూతమ్మ పంగకర్ర పట్టుకుని నిలబడాలి. వంతు అయిపోయాక కర్రను తీసుకెళ్లి పక్కింటి వాకిట్లో గోడకు ఆనించాలి. పొద్దున లేవగానే కర్ర ఎవరి వాకిట్లో ఉంటే వంతు వాళ్లది. సంతకాలు పెట్టనివాళ్లు కర్ర పట్టుకోవడానికి ఒక్కరూ వెనకాడలేదు. చర్చి వీధి పిల్లలను శెట్లు దాటించారు, శెట్ల ముసలివాళ్లను చర్చి వీధి వాళ్లు దాటించారు.

కర్ర మా వరసకు వచ్చింది. శెట్టి వాకిట్లో ఒక రోజు ఉంది. మర్నాడు నా మెట్ల దగ్గర ఉంటుందని తలుపు తీశాను. లేదు. అవతలి ఇంటి గోడకు ఉంది. పొరపాటనుకుని మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాను. మళ్లీ దాటిపోయింది. కిందికి దిగి శెట్టిని అడిగాను, నా వంతు ఏమైందని.

"వంతు ఇంటికమ్మా. నీది గది."

"గదిలో ఉండేది మనిషి కాదా?"

"మనిషే. మనిషి వేరే, ఇల్లు వేరే." కోపంగా అనలేదు. బెల్లం తూస్తూ, తెలియని వాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. "నీకొక జరమొస్తే ఆ పొద్దు ఎవరు నిలబడతారు చెప్పు? ఇల్లంటే ఒకరు కాకుంటే ఒకరుంటారు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధ. మా ఆఫీసు రోడ్డుకు అవతల, నేను బయలుదేరేది బడి వేళకే. ఎవరి చేతిలో కర్ర ఉంటే వాళ్లు బస్సును ఆపేవారు, పిల్లలు ఇటు దాటేటప్పుడే నేను అటు దాటేదాన్ని. బదిలీ అయ్యేదాకా ఆ రోడ్డును నేను దాటించబడిన మనిషిగానే దాటాను.

1986లో తిరిగి నంద్యాల వచ్చాను. రెండేళ్ల తరువాత, ఆళ్లగడ్డ మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేసే పటం నా టేబుల్ మీదికి వచ్చింది. బడి ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది. మా అర్జీ వల్ల కాదు, వెడల్పు పనితో పాటు వచ్చింది. రోడ్డుకు అడ్డంగా ఉన్న ఆ రెండు గీతల మీద నేనే సిరా దిద్దాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. పక్క టేబుల్ వాళ్లకు ఆళ్లగడ్డ అంటే బస్సు టీకి ఆగే చోటు. చెప్పలేదు.

గట్టు పడిందని తెలిశాక ఒక సెలవు రోజున చూడడానికి పోయాను. బస్సు నిజంగానే మెల్లబడింది, నా తల పైకి ఎగిరింది. ఉలవ కట్టె గట్టుకు అవతల కొంచెం దూరంగా పరిచి ఉంది. అక్కడ బండ్లు మళ్లీ వేగం అందుకుంటాయి. రోడ్డు దగ్గర ఎవరూ నిలబడి లేరు. లక్ష్మీదేవమ్మను పలకరించి, కర్ర ఇప్పుడు ఎవరి వాకిట్లో ఉందని అడిగాను.

"ఏ కర్ర? ఓ, అదా. గట్టేసినాక ఇంగెందుకమ్మా నిలబడేది? ఆ పంగకర్ర రూతమ్మ పొయిలోకి పోయింటాది." మళ్లీ తనే అంది, "అప్పుడు దినామూ చర్చి వీధోళ్లు కనపడేవాళ్లు. ఇప్పుడు యాడ."

కట్టె తిరగేస్తున్న వాళ్లలో సువార్త ఉంది. బాగా పొడుగయింది. బడికి పోతోందట, సెలవు కనుక అమ్మతో పనికి వచ్చింది. నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చింది. తన గొంతు తనకు వినపడదు కనుక గట్టిగా, నలుగురూ తిరిగి చూసేటట్టు అడిగింది.

"ఎవరింటికొచ్చినావక్కా?"

మా వైపు ఊరికి ఎవరొచ్చినా మొదట అడిగే మాట అది. నా పెదవుల వైపు చూస్తూ నిలబడింది. రోడ్డు చూడ్డానికొచ్చినా అన్నాను. అర్థం కాలేదనుకుని మళ్లీ అన్నాను. అర్థమైంది, నవ్వింది, పనిలోకి పోయింది. నేను తరువాతి బస్సుకు నంద్యాల వచ్చేశాను.

స్పీడ్ బ్రేకర్ కావాలని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కర్ర పట్టుకున్న మనిషికి జ్వరం వస్తుంది, గట్టుకు రాదు. శెట్టి చెప్పింది కూడా అదే. కానీ ఆ కర్ర తిరిగినన్నాళ్లూ ఏ పిల్ల ఎవరి పిల్లో రెండు వీధులకూ తెలుసు. గట్టుకు అది తెలియదు. ఇప్పటికీ వీధుల వాళ్లు అర్జీలు పట్టుకుని సైట్ ప్లాన్ కోసం నా దగ్గరికి వస్తుంటారు. గీసిస్తాను. గీసిన తరువాత, గట్టు వచ్చేదాకా నిలబడేది ఎవరు అని అడుగుతాను. వంతులు పెట్టుకుంటామంటారు. వంతు ఇంటికా, మనిషికా అని అడుగుతాను. అక్కడ గొడవ మొదలవుతుంది. మనిషికే అని ఒప్పుకునేదాకా పటం చేతికివ్వను.