నేల మీంచి లేవడం

నిమిషం తాత అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. సెలూన్‌లో ఎంతమంది కూర్చుని ఉన్నా సరే, తలుపు తోసుకుని వచ్చిన ప్రతివాడితో "ఒక్క నిమిషం, కూర్చోండి" అనేవాడు. ఆ నిమిషం ముప్పావుగంటకు తక్కువ ఎన్నడూ కాలేదు. డెబ్భై ఆరేళ్ళు వచ్చినా కత్తెర పట్టిన చెయ్యి వణకలేదు. భార్య పోయాక సెలూన్ వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా "నా కుర్చీలకి ఎవరు కాపలా?" అని మాట దాటేసేవాడు.

ఒక సెలవురోజు పొద్దున, షాపు మూసి ఉండగా, అద్దం పైఅంచున పట్టిన దుమ్ము తుడుద్దామని స్టూలెక్కాడు. స్టూలు పక్కకి ఒరిగింది. మధ్యాహ్నం అన్నం తెచ్చిన కూతురికి నేల మీద పడి ఉన్న తండ్రి కనిపించాడు.

"ఎంతసేపైంది నాన్నా?"

"ఇప్పుడే తల్లీ. ఒక్క నిమిషం."

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. పదోరోజు ఇక మారు మాట్లాడనివ్వకుండా ఆమె తండ్రిని తన ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా పట్టేసే కళ్ళు. ఆ కళ్ళతోనే ఇల్లంతా కొలిచింది. తివాచీలు చుట్టి అటకెక్కించింది. మంచం కోళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టించింది, లేచేటప్పుడు మోకాళ్ళు మరీ మడతపడకుండా. ఆమె భర్త బాత్రూమ్ గోడకి ఇనప కడ్డీ బిగించి, "మామయ్యా, దీనికి ఏనుగు వేలాడినా ఊడదు" అన్నాడు.

"ముందు నువ్వు వేలాడు అల్లుడూ, చూస్తాను."

అల్లుడు నిజంగానే వేలాడి చూపించాడు.

మొదటి వారాలు తేలిగ్గా గడవలేదు. కూతురిచేత స్నానం చేయించుకోవాలంటే ముసలాయన ముడుచుకుపోయేవాడు. ఆమె ఆయన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, వీపు రుద్దుతూ షాపు కబుర్లు చెప్పేది. గడ్డం మాత్రం ఆయనే గీసుకునేవాడు. ఒకరోజు చెయ్యి అలసిపోయి రేజరు ఆమెకిచ్చాడు.

"చర్మం సాగదీసి పట్టుకో. పైనుంచి కిందికి. గడ్డం గీస్తున్నావా, బంగాళదుంప చెక్కు తీస్తున్నావా?"

"మాట్లాడకు నాన్నా, తెగుతుంది."

తెగనే తెగింది. "నా అరవయ్యేళ్ళ పనిలో ఒక్కడికీ ఇంత నెత్తురు రాలేదు" అని ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ గాటు చూపించి మురిసిపోయాడు.

వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవాలి, వాకర్ పట్టుకుని వసారా చివరిదాకా నడవాలి, రోజుకి మూడు పూటలా. కూతురు షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాక సాయంత్రం రాగానే అడిగేది. "అన్నీ చేశానమ్మా" అనేవాడాయన. అయినా మూడో నెల వచ్చేసరికి కాలు పుల్లలా సన్నబడింది.

ఒకరోజు ఆమె మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. లోపలి నుంచి లెక్క వినిపిస్తోంది. "ఏడు... అబ్బా... ఎనిమిది..." తీరా చూస్తే ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, పక్కింటివాళ్ళకి వినబడేలా అంకెలు చదువుతున్నాడు!

ఆమెకి నవ్వు రావలసింది. ఏడుపొచ్చింది.

"నేను ఉద్యోగం, ఇల్లు అంటూ పరుగులు పెడుతుంటే నువ్వు నాటకాలాడతావా? నీకు నడవాలని లేదా?"

ఆయన దుప్పటి అంచుని వేళ్ళతో సవరించుకున్నాడు.

"ఆవేళ నిమిషం కాదే. రెండు గంటలు. రెండు వైపులా అద్దాలే కదా. ఎటు తల తిప్పినా నేల మీద నేనే. అరిచాను, షట్టరు వేసి ఉంది, ఎవరికి వినిపిస్తుంది? లేద్దామంటే ఎక్కడ చెయ్యి ఆనించాలో తెలీలేదు. ఇప్పుడు లేచినప్పుడల్లా ఆ నేలే కనిపిస్తోంది."

మూడు నెలలుగా తండ్రికి ఎముక ఒక్కటే విరిగిందనుకుంది. ఆమె మంచం అంచున కూర్చుని ఆయన పాదం ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు ఫిజియో అమ్మాయికి సంగతంతా చెప్పింది. ఆ అమ్మాయి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, ఎక్స్‌రే మరోసారి చూపించి, అప్పుడు అంది: "ఎముక బాగా అతుక్కుంది. తాతగారికి పడకుండా ఉండటం నేర్పుతున్నాం గానీ పడితే ఎలా లేవాలో నేర్పలేదు. అది నేర్పుదాం."

నేల మీద పరుపు వేశారు. ఆయన దాని వంక పులిని చూసినట్టు చూశాడు. అప్పుడు కూతురే చీర కుచ్చిళ్ళు దోపుకుని, నేల మీద వెల్లకిలా పడుకుంది. "నేను పడ్డాను నాన్నా. ఎలా లేవాలో ఆ అమ్మాయి చెబుతుంది, నువ్వు చూడు." పక్కకి దొర్లడం, మోచేతి మీద లేవడం, మోకాళ్ళ మీదికి రావడం, కుర్చీ దాకా పాకడం, దాన్ని పట్టుకుని బాగున్న కాలు ముందు పెట్టడం. మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె నడుము పట్టేసింది.

"అయ్యో నా తల్లీ! దీన్ని ముందు లేపండమ్మా, నా సంగతి తర్వాత!"

ముగ్గురూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన పరుపు మీదికి దిగాడు. ఆరోజు లేవడానికి పావుగంట పట్టింది, రెండు వైపులా ఇద్దరి ఆసరా కావలసి వచ్చింది. మూడు వారాలకి కుర్చీ ఒక్కటి చాలింది. ఎవరి చెయ్యీ తగలకుండా లేచిన రోజున ఆయన రొప్పుతూ, "మళ్ళీ పడుకోనా? ఇంకోసారి చూపిస్తా" అన్నాడు. ఆ తర్వాత వసారాలో నడవమని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆరో నెలలో ఆయన తన గదికి వెళ్ళిపోతానన్నాడు. ఈసారి భయం కూతురి వంతయింది. వద్దని రెండు రోజులు పోట్లాడింది, మూడోరోజు తనే బట్టలు సర్దింది. ఒక్కటే షరతు: మెడలో ఫోన్ వేలాడాలి. మొదటివారం రోజుకి నాలుగుసార్లు చేసింది. "ఇన్నిసార్లు చేస్తే గడ్డాలు ఎప్పుడు గీయను? నీ ఫోనెత్తడమే పెద్ద వ్యాయామమైపోయింది" అని కసిరాడు. దాంతో రెండుసార్లకి తగ్గించింది.

ఇప్పుడాయన చక్రాలున్న స్టూలు మీద కూర్చుని, కస్టమర్ చుట్టూ దొర్లుతూ, పొద్దుటిపూట మాత్రం పని చేస్తాడు. కుడికాలు కాస్త ఈడుస్తాడు. ఒకనాడు పాత కస్టమరొకాయన చేతికర్రతో, కొడుకు భుజం పట్టుకుని లోపలికొచ్చాడు. పదిరోజుల కిందట పెరట్లో పడ్డాడట, దెబ్బ తగల్లేదు గానీ అప్పట్నుంచీ గుమ్మం దాటనంటున్నాడట. ముసలాయన కత్తెర పక్కన పెట్టి, మెడలో వేలాడుతున్న ఫోన్ అందుకుని కూతురికి చేశాడు.

"ఆ ఫిజియో అమ్మాయి నంబరు పంపించమ్మా. అదెందుకా? ఇక్కడొకాయనకి నేలతో పేచీ వచ్చింది."