ఆరింటి పడవ

మోకాళ్ళు అరిగాయి, నడక తగ్గించి ఈత కొట్టమన్నాడు డాక్టరు. ఈత రాదని చెప్పడానికి నోరు పెగల్లేదు. కాకినాడలో పుట్టి, యాభై మూడేళ్ళు వచ్చాక, ఆ మాట ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అందుకే పోయిన వారం నుంచి పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ ఈతకొలనులో, మూడో తరగతి పిల్లల వరసలో, థర్మాకోల్ పలక పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నాను. పక్కనున్న పిల్ల "అంకుల్, మోకాళ్ళు వంచకండి" అని చెబుతూ ఉంటుంది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కాఫీ తాగుతూ మా ఆవిడ, ఆ పిల్లల తల్లులకి "మా వారిది సముద్రం పక్క ఊరేనండీ" అని పనిగట్టుకుని చెబుతుంది. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది. సరే, నవ్వుకోనీ. నీళ్ళలో ముక్కు ముంచగానే నాకు ఆవిడా గుర్తుండదు, పిల్లలూ గుర్తుండరు. హఫీజ్‌పేట్ మనిషి ఒకడు గుర్తొస్తాడు. చన్నీళ్ళలో ఉండి కూడా ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచింది. దాని చుట్టూ ఎటు చూసినా బండలే. మా ఆఫీసు దానికి కాస్త ఇవతల, ఇంకా సున్నం వాసన పోని మూడంతస్తుల మేడలో ఉండేది. మధ్యాహ్నం బండలు పేల్చినప్పుడల్లా కిటికీలు అదిరేవి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకి తేదీలు అర్థం కావని లోకమంతా భయపడుతుంటే, ఏదో దూరదేశపు బ్యాంకు తాలూకు పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడం మా పని. నేను ఇంజనీరింగ్ చదివి వచ్చినవాణ్ణి. ఆ హఫీజ్‌పేట్ వాడు అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాడు. వాళ్ళ నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. నాకంటే ఏడాది చిన్న కాబట్టి "అన్నా" అనేవాడు. ఆ పిలుపులో వెటకారం ఉంటే బతికిపోయేవాణ్ణి, అది లేదు. నేను మూడు గంటలు కుస్తీ పట్టిన తప్పుని నా భుజం మీదుగా తొంగిచూసి, "అన్నా, గీడ జర చూడు" అని వేలు పెట్టి చూపించి, ఈల వేసుకుంటూ టీకి పోయేవాడు. వాడు మెచ్చుకోలు కూడా ఆశించేవాడు కాదు, దాంతో నాకు మరీ కడుపు మండేది.

మా ప్రోగ్రాముల్లో తప్పులు, అదే బగ్గులు, పట్టే టెస్టింగ్ అమ్మాయి ఒకామె ఉండేది, గుంటూరు పిల్ల. ఇప్పుడు గట్టు మీద కాఫీ తాగుతున్నది ఆమే. అప్పటికి ఆమె నాకు ఏమీ కాదు. ఏదో ఒకటి కావాలని మాత్రం ఏడాదిగా అనుకుంటున్నాను. ముందురోజు రాత్రే ఇంట్లో తయారు చేసుకున్న చమత్కారాన్ని క్యాంటీన్‌లో విసిరితే, ఆమె మర్యాదగా "అవునాండీ" అనేది. వాడు సమోసా తుంచుతూ "ఇగ ఈ ఆలుగడ్డ కూడా బగ్గే" అంటే పొలమారేటంత నవ్వేది. ఆ నవ్వు నేను దూరపు బల్ల నుంచి వినేవాణ్ణి. ఎన్నిసార్లు నవ్విందో కూడా లెక్క ఉండేది నా దగ్గర.

పని ఒక కొలిక్కి వచ్చి, బ్యాంకువాళ్ళు సంతోషపడి, మాకు రెండు వారాలు సెలవు దొరికింది. నలుగురు మగవాళ్ళం, ఇద్దరు అమ్మాయిలు, అండమాన్ వెళ్దామనుకున్నాం. నేనే నాయకుణ్ణి. "సముద్రం సంగతి నాకు వదిలేయండి, నేను అందులో పుట్టిపెరిగినవాణ్ణి" అని అందరి ముందూ అన్నాను మరి. అసలు సంగతి ఏమిటంటే, పాతికేళ్ళు నిండేదాకా నాకు నీటిగండం ఉందని మా ఇంటి సిద్ధాంతి జాతకం చూసి చెప్పాడు. మా అమ్మ నన్ను పాదాలు తడిసేంతవరకే అలల దగ్గరికి పోనిచ్చేది, అదీ చొక్కా వెనక నుంచి గట్టిగా పట్టుకుని. అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్ళు, గండం గడిచిపోయింది కానీ ఈత దానంతటది వచ్చి ఒంటికి పట్టలేదు. ఈ మాట కంప్యూటర్ ఆఫీసులో ఎవరితో చెప్పుకుంటాం?

మద్రాసు నుంచి మూడు రోజుల ఓడ. ఆ మూడు రోజులూ తలనొప్పి అని చెప్పి పైబంకు దిగలేదు నేను. ఆ తర్వాత ఇంకో చిన్న పడవెక్కి ఒక దీవికి చేరాం. మేం దిగిన హాస్టలు మా జీతాలకి తగ్గది. రేకుల కప్పు, ఒకటే పొడుగు పాక, మధ్యలో చెక్కల గోడ. అటు ఆడవాళ్ళకి, ఇటు మగవాళ్ళకి ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి. వెనక ఒక సిమెంటు తొట్టి, దాని మీద రెండు ప్లాస్టిక్ మగ్గులు. ఆ తొట్టి దగ్గరే అందరూ పళ్ళు తోముకోవాలి, కంచాలు కడుక్కోవాలి, వరసలో నిలబడి పోట్లాడుకోవాలి. చెక్కల మధ్య వేలెడు సందులు. మాలో ఒకడి గురక వల్ల తమకి నిద్ర లేదని అమ్మాయిలు మొదటి పొద్దునే ఫిర్యాదు చేశారు. గోడల నిండా ఉప్పు చెమ్మ, దిండ్లకి ఎండుచేపల వాసన. అయినా తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు, పచ్చగా, నీలంగా, మళ్ళీ పచ్చగా. నాకు చూడ్డానికి ఎంతో బాగుండేది, దూరం నుంచి.

హాస్టలు నడిపే పెద్దావిడ శ్రీకాకుళం వైపు మనిషి, వాళ్ళమ్మానాన్నలు ఎప్పుడో అక్కడికి వలస వచ్చారు. తెలుగువాళ్ళమని తెలిసి సంబరపడిపోయి, నన్ను మొదటి రోజే అడిగింది. "బాబూ, నీదే ఊరు? కాకినాడేటి? మరి నీటిలోకి దిగవేటి?" జలుబని చెప్పాను. ఆవిడ నా ముక్కు వైపు చూసింది. వాడు మాత్రం సామాను మంచం మీద పడేసి, చొక్కా విప్పి, పరుగెత్తుకెళ్ళి దూకేశాడు. మేం చూస్తుండగానే కనుచూపు మేర పోయి, తిరిగొచ్చాడు. ఎక్కడ నేర్చావని అమ్మాయిలు అడిగితే, "కొత్తగూడ అవతల రాళ్ళు తీసిన క్వారీ గుంత ఉంటది. మేమంతా గండ్లనే మునిగినం. లోతు ఎంతనో ఎవ్వనికి తెల్వదు" అన్నాడు. బండల్లో పుట్టినవాడికి ఈత వచ్చు, సముద్రం పక్కన పుట్టినవాడికి జలుబు. ఆ సాయంత్రం పెద్దావిడ వాడికి చేప తలకాయ వడ్డించింది, నాకు తోక. వాడు తలకాయ తెచ్చి నా కంచంలో వేశాడు. దాంతో నాకు అన్నం కూడా సహించలేదు.

మూడో రోజుకి అమ్మాయిలిద్దరికీ నడుము లోతు నీళ్ళలో వెల్లకిలా తేలడం నేర్పించాడు. ఆమె తల కింద చేయి పెట్టి, "ఫికర్ చేయకు, నీళ్ళే మోస్తయి" అంటున్నాడు. నేను ఒడ్డున పాంటు మోకాళ్ళ దాకా మడిచి, అందరి చెప్పులూ కాపలా కాస్తున్నాను. ఆమె కళ్ళు మూసుకుని తేలింది. ఆ క్షణంలో నా లోపల ఏం జరిగిందో దాచను. వాడు మునిగిపోతే బాగుండునని అనుకున్నాను. ఆ తర్వాత సిగ్గుపడి, మునగక్కర్లేదు, ఓ పూట కనిపించకుండా పోతే చాలని సర్దుకున్నాను.

ఆ పూట మర్నాడే దొరికింది. అడుగున అద్దం బిగించిన పడవలో పగడపు దిబ్బలు చూపించడానికి ఒక పడవవాడితో నేనే మాట్లాడాను. పొద్దున్న ఆరింటికి రేవులో ఉండాలి, పొద్దెక్కితే అలలు లేస్తాయి. భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. వాడు మాత్రం అప్పుడు వంటింట్లో పెద్దావిడ పక్కన కూర్చుని చేపలు కోస్తున్నాడు. వాడికి రోజూ తెల్లవారకముందే లేచి, దీవికి అవతలి వైపు పోయి ఈదే అలవాటు. ఆరున్నరకి గానీ తిరిగిరాడు. నాకు కావలసింది ఒక్కటే. ఆ పడవలో ఆమె పక్కన నేను కూర్చోవాలి, నవ్వించేవాడు ఎవడూ అక్కడ ఉండకూడదు. కాసేపటికి తొట్టి దగ్గర చేయి కడుక్కుంటూ వాడే అడిగాడు.

"అన్నా, రేపు పడవ ఎన్నింటికి?"

"ఏడింటికి" అన్నాను. నా గొంతు నాకే ఎంత మామూలుగా వినిపించిందో.

"గట్లయితే నేను ఒక మునుగు మునిగి వస్త" అని, నా చేతి మీద కూడా మగ్గుతో నీళ్ళు పోసి వెళ్ళాడు.

మర్నాడు ఆరింటికి రేవులో వాడేడని అందరూ అడిగారు. "నాకు పడవెందుకు, ఈదుకుంటూ వస్తానన్నాడు" అన్నాను. వాడు అనగలిగే మాటే కాబట్టి అందరూ నవ్వి నమ్మేశారు. పడవ కదిలింది. నేను కోరుకున్నట్టే ఆమె నా పక్కన కూర్చుంది. "అతను నిజంగా అలా అన్నాడాండీ?" అని అడిగింది. అన్నాడన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, నీళ్ళ వైపు తిరిగి చిన్నగా నవ్వుకుంది. వాణ్ణి తలుచుకునే నవ్విందనుకున్నాను. ఇక ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే, దిబ్బల దగ్గరికి చేరేసరికి నాకు కడుపులో తిప్పడం మొదలైంది. పక్కకి వంగి ముందురోజు తిన్నదంతా సముద్రానికి అప్పగించాను. అందరూ అద్దంలోకి చూస్తుంటే నేను మోకాళ్ళ మధ్య తల దూర్చి కూర్చున్నాను. ఆమె సంచిలోంచి నిమ్మకాయ తీసి, గోటితో గిల్లి, నా ముక్కు దగ్గర పెట్టింది. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడు పసుపు చారల చేపలు వెళ్తున్నాయండీ. ఇదిగో, కాలీఫ్లవర్‌లా ఒకటి ఉంది, ఊదారంగు." గంటసేపు అలా చెబుతూనే ఉంది. నేను ఒక్క పగడం కూడా చూడలేదు. అంత అందమైన ప్రయాణం మళ్ళీ నా జీవితంలో లేదు.

తిరిగొచ్చేసరికి వాడు రేవులోనే ఉన్నాడు, చెక్క దిమ్మె మీద, తడి జుట్టుతో. ఏడింటి నుంచీ అక్కడే కూర్చున్నాడని పక్క పడవవాడు చెప్పాడు. మాలో ఒకడు ఎగతాళిగా, "ఏం భాయ్, ఈదుకుంటూ వస్తానన్నావట?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాడు ఒక్క క్షణం నావైపు చూశాడు. తర్వాత ఆమెవైపు చూశాడు. అప్పుడు నవ్వాడు. "అవు, నేనే చెప్పిన. గంత దూరమని తెల్వలే" అని, లేచి, నా సంచి అందుకుని ముందు నడిచాడు. తిట్టినా, కొట్టినా వాడికీ నాకూ సరిపోయేది. ఆ రోజు నుంచి వాడి ఈత మీదా తెలివి మీదా ఉన్న ఓర్వలేనితనం చాలక, వాడి మంచితనం మీద కూడా మొదలైంది.

ఏడాది తిరక్కుండా మా పెళ్ళయింది. పెళ్ళిలో వడ్డనంతా వాడే చూశాడు. విస్తరి ముందు వంగి, ఆమెని మొదటిసారి "చెల్లె, ఇంకో బూరె" అన్నాడు. అంతకుముందు పేరు పెట్టి పిలిచేవాడు. ఆ ఒక్క పిలుపు నన్ను ఇన్నేళ్ళు నిద్రలేపింది. మామూలుగా అన్నాడా, దేన్నో దిగమింగి అన్నాడా? ఆ పొద్దున వాడు కూడా పడవలో ఉంటే, నా తల వంగి ఉన్న ఆ గంటలో ఆమె ఎవరితో మాట్లాడేది? మా ఆవిడ నాతో సరదాగా ఉన్న రోజున కూడా, ఇది దొంగసొత్తు కదా అనిపించేది. మాట్లాడకుండా ఉన్న రోజున, వాడైతే నవ్వించేవాడు కదా అనిపించేది. ఏ రోజూ సుఖం లేదు.

నిన్న ఆదివారం ఆవిడ వాణ్ణి భోజనానికి పిలిచింది. ఇప్పటికీ పొట్ట లేదు వెధవకి. బాల్కనీలోంచి కిందకి చూసి, "అన్నా, మా క్వారీ సరిగ్గ గీ జాగలనే ఉండె. పూడ్చి మల్ల గండ్లనే గుంత తవ్విండ్రు" అని కొలను చూపించి నవ్వాడు. నా ఈత చదువు సంగతి ఆవిడ అప్పటికే చెప్పేసింది. దానికి మాత్రం వాడు నవ్వలేదు. పెరుగన్నం కలుపుకుంటూ, "పిల్లలతోని ఎందుకన్నా పరేషాన్? రేపటికెళ్ళి నేనే వస్త. పొద్దుగాల ఆరింటికి" అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, నెమ్మదిగా అన్నాడు.

"ఆరింటికే అన్నా. ఏడింటికి గాదు."

నా చేయి కంచంలోనే ఆగిపోయింది. ఆవిడ వాడికి మజ్జిగ పోస్తోంది, ధార కూడా తొణకలేదు.

వాడు వెళ్ళాక, లిఫ్టు తలుపు మూసుకున్నాక, ఇక చెప్పేయాలని నోరు తెరిచాను. "ఆ రోజు పడవ..." అన్నాను.

"తెలుసండీ" అంది. "తొట్టి ఇవతల, చెక్కగోడ పక్కన జడ వేసుకుంటున్నాను. ఏడింటికని మీరు చెప్పడం విన్నాను. పొద్దున్న అతనికి నిజం చెబుదామని గుమ్మం దాకా వచ్చాను కూడా. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోతున్నాడు. కేకేస్తే వినిపించేంత దూరమే."

"మరి పిలవలేదేం?"

"నాకోసం అంత తెలివితక్కువ పని చేసిన మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు" అని, కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంటే వాడికి రేవులోనే తెలుసు, ఆవిడకి ముందురోజు రాత్రే తెలుసు. పాతికేళ్ళు కాపలా కాసిన రహస్యం నాకొక్కడికే రహస్యం. వాళ్ళిద్దరూ ఏమీ జరగనట్టు అంత హాయిగా ఎలా ఉన్నారా అని మళ్ళీ ఈర్ష్య పుట్టింది, పుట్టదా మరి. అయితే నిన్న రాత్రి మొదటిసారి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. ఇవాళ పొద్దున్న అలారం మోగకముందే లేచి, కొలను దగ్గరికి ఆరుకి పది నిమిషాల ముందే వెళ్ళి, మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను. నేను దొంగిలించాననుకున్న గంటని ఆమె తెలిసే నాకు ఇచ్చింది. అది తెలియడానికి మాత్రం నాకు పాతికేళ్ళు పట్టింది.