ఐదున్నర గంటల తేడా

సిద్దిరాములుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి శామీర్‌పేటలో మొగులయ్య హోటల్‌కు వచ్చి చాయ్ తాగే ప్రతివాడికీ తెలుసు. బల్ల మీద గ్లాసు గట్టిగా పెట్టినా ఆయనకు కోపమే, మెల్లగా పెట్టినా కోపమే. ఇరవై ఏళ్లు వైమానిక దళంలో చేసి 1993లో ఇంటికొచ్చాడు. విమానం నడిపాడా అని అడిగితే ఇంకా కోపం. ఆయన చేసింది విమానాలు నడిపేవాళ్లకు ఆకాశం ఎట్లా ఉందో రాసిచ్చే పని. "నేను రాయకుంటే గాళ్లు లేస్తరా?" అనేవాడు.

ఆ హోటల్ గోడకు ఆయనే మేకు కొట్టి నల్లబోర్డు ఒకటి తగిలించాడు. మొదట్లో కంటితో చూసిన మబ్బునే రాసేవాడు. మేడ్చల్‌లో నెట్ సెంటర్ వెలిశాక రోజూ పొద్దున్నే లూనా మీద వెళ్లి, బేగంపేట విమానాశ్రయానికి ఇచ్చే వాతావరణ సూచన చూసి, కాగితం మీద ఎక్కించుకొచ్చి బోర్డు మీద దించేవాడు.

ఆ రాతలో వాక్యాలుండవు. మొదటి నాలుగక్షరాలు ఊరి గుర్తు. తర్వాత ఆరంకెలు: రెండు తేదీవి, నాలుగు గడియారానివి. ఇంకో ఐదంకెలు గాలివి: మొదటి మూడూ ఏ దిక్కు నుంచి వస్తోందో, చివరి రెండూ ఎంత జోరుగా వస్తోందో. టీఎస్ అని ఉంటే ఉరుములు, ఆర్ఏ అని ఉంటే వాన. సీబీ అంటే ఉరుముల మబ్బు. దాని కడుపులో వడగండ్లు కూడా ఉండొచ్చు. టెంపో అన్నచోట పక్కన వేసిన గంటల మధ్య వాన కాసేపు కొట్టి పోతుందని. అయితే ఆ గంటలు మనవి కావు, ఎక్కడో గ్రీనిచ్ గడియారానివి. మొదట్లో ఒక్కసారి జెడ్ అనే అక్షరం రాస్తే ఇక లెక్కంతా ఆ గడియారానిదే. మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సిద్దిరాములు ఒకసారి రిజిస్టర్లో మన టైము రాసినందుకు రైఫిల్ నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాడు. ఆ రోజు నుంచి ఆయన చేతి రాతలో మన టైము లేదు.

రాతలో లేకున్నా నోటితో చెప్పేవాడు. చుట్టుపక్కల అంతా ద్రాక్ష పందిళ్లు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండు మీద వాన పడితే కాయ పగులుతుంది; తడిసిన పండును మార్కెట్టు ముట్టదు. అందుకే తోటలవాళ్లు పొద్దున్నే బోర్డు దగ్గర గుమిగూడేవారు. ఆయన తిడుతూనే విడమర్చి చెప్పేవాడు.

అందరికంటే ముందొచ్చేది చెల్లెలు నర్సమ్మ. పెనిమిటి పోయాక జనార్దన్ పటేలు దగ్గర రెండెకరాల అనాబ్ ద్రాక్ష తోట కౌలుకు చేసుకుంటోంది. నాలుగో తరగతి చదువుతో ఆ ఇంగ్లీషు అక్షరాలను గుర్తు పట్టడం నేర్చింది. టీఎస్ కనిపిస్తే చాలు, గుండె మీద చెయ్యి వేసుకునేది. 2004లో పటేలు కచ్చితంగా చెప్పేశాడు: ఈ ఏడు పంట చేతికి రాకపోతే పందిరి పీకించి ప్లాట్లు చేస్తానని. రోడ్డు పక్క భూములన్నిటా అప్పటికే ప్లాట్ల హద్దుల తెల్లరాళ్లు మొలిచి ఉన్నాయి. నర్సమ్మకు ఆ తోట పోతే ఇంకో తోట లేదు.

మార్చి మొదట్లో పటేలు హోటల్‌కొచ్చి బోర్డు చూసి నవ్వాడు. "ఏం సిద్దిరాములూ, గీ అక్షరాలు నీకొక్కనికే ఎరుక. నువ్వు జెప్పుడు, మేము నమ్ముడు. చిలక జోస్యం జెప్పెటోడు గూడ గంతే గదా!"

అందరూ నవ్వారు. నవ్వకూడదని ఎవరికీ తోచలేదు. సిద్దిరాములు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఇగ నా నోటికెల్లి ఒక్క ముక్క రాదు, పటేలా! బోర్డు మీద రాస్త. నేర్చుకున్నోడు సదువుకుంటడు, లేనోడు ఆకాశం దిక్కు సూస్తడు!"

ఒట్టు వేసుకున్నట్టే చేశాడు. పొద్దున్నే రాయడం, మూలకు కూర్చోవడం, జనం బోర్డు ముందు నోళ్లు వెళ్లబెడితే మీసం తిప్పుకోవడం. పదిహేను రోజులు ఆయనకు పండగే. ఏం పండగో!

ఆ నెల పద్దెనిమిదిన బోర్డు మీద టెంపో, సున్నా ఎనిమిది, పన్నెండు, టీఎస్ఆర్ఏ, సీబీ అన్నీ ఉన్నాయి. నర్సమ్మ పరుగున వచ్చింది. తోట పండి ఉంది. పన్నెండు మంది కూలోళ్లు కత్తెరలతో గట్టు మీద ఎదురుచూస్తున్నారు. పండ్ల సేటు లారీ కబురు చేస్తే చాలు, గంటలో వస్తుంది.

"అన్నా, ఎనిమిదంటే మన టైమా, వాళ్ల టైమా?"

సిద్దిరాములు చాయ్ గ్లాసులోంచి తల ఎత్తలేదు. "ఇరవై సార్లు జెప్పిన. బోర్డు మీదుంది, సూసుకో."

"జర జెప్పు అన్నా, కూలోళ్లు నిలబడ్డరు."

"సదువుకోమన్న గదా!" అని అరిచాడు. హోటలంతా వాళ్ల వైపు తిరిగింది. పదిమందిలో తల కొట్టేసినట్టయింది ఆమెకు. మళ్లీ అడగలేదు. ఎనిమిది పక్కన జెడ్ కనపడలేదు, అది మన టైమేనేమో అనుకుంది. ఎనిమిదింటికి వాన వస్తుందంటే పండు కోసి కింద ఎట్లా పెడుతుంది? కూలోళ్లను పన్నెండు దాకా ఆపింది.

పన్నెండయింది. ఆకాశంలో చిటికెడు మబ్బు లేదు. గండం గడిచిందని దండం పెట్టుకుని కోతకు దింపింది.

ఒకటిన్నర దాటగానే ఉత్తరం నల్లబడింది. హోటల్లో సిద్దిరాములు బల్ల మీద చరిచి లేచాడు. "సూసిండ్రా! ఎనిమిదికి ఐదున్నర కలిపితే ఎంత? ఒకటిన్నర! చిలక జోస్యమా గిది?" రేకుల మీద వడగండ్లు దబదబా పడుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. అదే వడగండ్లు అప్పుడే తన చెల్లెలి తోట మీద కూడా పడుతున్నాయని ఆయనకు తట్టలేదు. తన మాట నెగ్గింది, అంతే ఆయనకు కావలసింది.

సాయంత్రం తెలిసింది. కోసి గోనెల మీద పరిచిన పండంతా బురదలో చితికింది, పందిరి మీద మిగిలింది చీలిపోయింది. సిద్దిరాములు తోటకు పోయి గట్టు మీదినుంచే మొదలుపెట్టాడు.

"ఐదున్నర కలపాలని ఎన్నిసార్లు జెప్పిన? తలకాయ ఏడ వెట్టినవ్? పొద్దుగాల్నే కోసినవంటే పన్నెండుకల్లా లారీ కొత్తపేట మార్కెట్టు దారి వట్టేది గదనే!"

నర్సమ్మ చితికిన గుత్తుల మధ్య కూర్చునే ఉంది. అరవలేదు, ఏడవలేదు.

"అడిగిన గదా అన్నా," అంది. "పొద్దుగాల అడిగిన."



ఏప్రిల్‌లో పటేలు పందిరి పీకించాడు. పందిరిని మోసిన రాతి కడీలు ట్రాక్టర్లలో పోయాయి, తెల్లరాళ్లు వచ్చాయి. నర్సమ్మ కండ్లకోయలో ఒక కాలేజీ హాస్టల్ వంటింట్లో పనికి కుదిరింది. ఇప్పుడు బోర్డు మీద కోడు కింద పెద్దక్షరాలతో తెలుగులో మన టైము ఉంటుంది. "గిదేంది, తెలుగుల రాసినవ్?" అని మొగులయ్య అడిగితే కొట్టబోయాడు సిద్దిరాములు. అందరూ చదువుతారు. ఎవరి కోసం రాశాడో ఆమె మాత్రం తల తిప్పకుండా బోర్డు ముందునుంచే బస్సుకు పోతుంది.

జూన్‌లో ఒక పొద్దున ఆగలేక ఆమె ఇంటికే పోయాడు. ఆమె దండెం మీద చీర ఆరేస్తోంది. ఆయన చేతిలో గొడుగు ఉంది.

"చెల్లే, ఇయ్యాల మూడున్నరకు వాన ఉంది. గిది పట్టుకపో."

నర్సమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మన టైమా, వాళ్ల టైమా?"

"మన టైమే చెల్లే," అన్నాడు సిద్దిరాములు. ఆయన గొంతు అంత మెల్లగా రావడం ఆ వాడలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆమె చీర మడతలు సరిచేసి, సంచీ తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది. గొడుగు తీసుకోలేదు.