రజాకార్లను తరిమిన పెద్దమనిషికి సూదిమందు

నల్లగొండ దవాఖానలో చేరిన మూడు నెలలకు నేను సొరకాయలకు సూదులు వేయడంలో ఆరితేరాను. వంకాయలకూ వేశాను. దూది కుక్కిన ఒక దిండుకు రోజూ రెండు పూటలా నీళ్ళ సూది వేసేదాన్ని. అది ఒక్కరోజు కూడా మూలగలేదు. మనిషి చర్మం కనబడితే మాత్రం నా చేయి జల్లెడ పట్టినట్టు ఊగేది.

అప్పటికి పోలీసు యాక్షన్ జరిగి ఏడాది కాలేదు. మాది కట్టంగూరు దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. అంతకుముందు రెండేళ్ళు మా ఊరి మీదికి ఒక పూట రజాకార్లు వస్తే ఒక పూట కమ్యూనిస్టు దళంవాళ్ళు వచ్చేవారు. మా పొట్టేళ్ళ రుచి విషయంలో తప్ప ఆ ఇద్దరికీ దేనిలోనూ పొత్తు కుదరలేదు. దెబ్బలు తగిలిన ఊరివాళ్ళకు నేను గొర్రె పుండ్లకు రాసే వేపనూనే రాసి కట్టు కట్టేదాన్ని. ఎవరూ చావలేదు. అది చూసి మా ఊరి పంతులుగారు, ఏడో తరగతి దాకా చదివిన పిల్ల కదా అని, నర్సు పనికి దరఖాస్తు రాసి పంపారు. నూనె రాయడం వేరు, సూది వేయడం వేరు అని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

మా మీద ఉండే పెద్ద నర్సమ్మ కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. చాలా ఓపిక పట్టింది. చివరికి ఒక సోమవారం చెప్పేసింది.

"అమ్మాయ్, శుక్రవారం డాక్టరుగారు వస్తారు. ఆయన ఎదుట మనిషికి సూది వేస్తే ఇక్కడ ఉంటావు. లేకపోతే ఇంటికి వెళ్ళిపోతావు. సొరకాయలు ఇంక నేను తెప్పించను."

ఇంటికి వెళ్ళడం అవమానం కాదు. కానీ ఊళ్ళో అప్పటికే నన్ను నర్సమ్మా అని పిలుస్తున్నారు. వెనక్కి వెళితే ఆ పేరు పోదు, వెక్కిరింపుగా మారి ముసలితనం దాకా వెంట ఉంటుంది. పైగా నాకు ఆ పని ఇష్టం. ఇష్టమైన పనే నా వల్ల కాదేమో అన్నది అసలు దిగులు. ఆ దిగులుతో ఆ రోజే మా నాన్నకు, అదే మా బాపుకు, కబురు పంపాను, శుక్రవారం వచ్చి నన్ను తీసుకుపొమ్మని.

ఆ వారం వార్డులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆరడుగుల రైతు, చెంపల దాకా మీసాలు. కాలికి తుమ్మముల్లు దిగి చీముపట్టి వచ్చాడు. పొద్దంతా రజాకార్లను తను ఎట్లా తరిమిందీ చెప్పేవాడు. సోమవారం ఇద్దరు రజాకార్లు, ఆయన చేతిలో కర్ర. బుధవారం ఏడుగురు, కర్ర విరిగింది. గురువారానికి పదకొండుమంది, చేతిలో ఏమీ లేదు. తరవాత చాలా ఏళ్ళు దినపత్రికకు వార్తలు రాసి అంకెలను అనుమానించడం నేర్చుకున్నాను గాని, అప్పుడు అన్నీ నమ్మాను.

శుక్రవారం డాక్టరు ఆయన కాలు చూసి, కట్టుతో సరిపోదు, పెన్సిలిన్ సూది పడాలి అన్నాడు. పెద్ద నర్సమ్మ నా వైపు చూసింది. నేను ఆయన వైపు చూశాను. ఆయన సూది వైపు చూశాడు.

"ఇగో బిడ్డా, నాకిప్పుడు జర నయమే ఉన్నది. రేపు జూద్దాం."

"రేపు నేనుండ పెద్దయ్యా. గిది ఏస్తెనే నన్ను ఉండనిస్తరు."

"అయితే ఇంకెవలనన్న జూస్కో!"

అని, కుంటుతూనే దిగి మంచం కింద దూరాడు. ఆరడుగుల మనిషికి ఆ మంచం చాలలేదు. నడుము నుంచి ఇవతలి భాగమంతా బయటే ఉండిపోయింది.

పొద్దున్నే వచ్చి గొంగడి భుజాన వేసుకుని వరండాలో కూర్చున్న మా బాపు, గోల విని కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏం జూస్తున్నవే! ఎనక కాలు వట్టు! పుండు కాలు గాదు, మంచి కాలు వట్టు!"

నడక నేర్చినప్పటి నుంచి ఇంట్లో నేను వింటున్న మాట అది. మందు తాగనని పారిపోయే గొర్రెను పట్టేది అట్లాగే. వెనక కాలు దొరకబుచ్చుకుని లాగి, రెండు మోకాళ్ళ మధ్య నడుమును బిగించి, నాలుకతో ట్ర్ర్ ట్ర్ర్ అంటూ నిమరాలి. నా చేతులకు ఆ పని తెలుసు. అవి నన్ను అడగలేదు.

కాలు పట్టాను, లాగాను, మోకాళ్ళు బిగించాను.

"నీ కాళ్ళు మొక్కుత, ఇడ్సిపెట్టు తల్లీ!" అన్నాడు పెద్దమనిషి మంచం కింద నుంచి.

"ట్ర్ర్, ట్ర్ర్" అన్నాను నేను.

పెద్ద నర్సమ్మ గాజు సిరంజి నా చేతిలో పెట్టింది. స్పిరిటు దూది, సూది, అంతే. ఆపైన గొర్రెను వదిలేటప్పటి అలవాటుగా ఆయన వీపు మీద రెండు చరుపులు చరిచి, "పో, మంద్ల గలువు" అన్నాను.

పక్క మంచం రోగి లేచి కూర్చున్నాడు.

"నయ్యం పెద్దయ్యా, గా రజాకార్లకు ఎనక కాలు వట్టుడు తెల్వకపాయె!"

డాక్టరు ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని కాసేపు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తరవాత సూది పడిన చోటు చూసి, బాగానే వేసింది అన్నాడు. పెద్ద నర్సమ్మ ఒప్పుకోలేదు.

"ఇది పట్టుకోవడం అండీ, సూది వేయడం కాదు. కదలకుండా కూర్చున్న మనిషికి వేసి చూపించమనండి."

కదలకుండా కూర్చున్న మనిషి చివరి మంచం మీద ఉంది. ఎండిన కంది కట్టెలాంటి అవ్వ, ఆ పూట ఆమెకూ సూది పడాలి. అప్పటికే చేయి చాపి నన్నే చూస్తోంది. పట్టడానికి కాలు లేదు, బిగించడానికి నడుము లేదు. నా చేయి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఏందే బిడ్డా, సలి పెడ్తాందా?"

"బయమైతాందవ్వా."

"ఎవలకు, నాకా నీకా?"

"నాకే."

"అయితే కండ్లు మూస్కో."

"మూస్కుంటె ఎట్ల ఏస్తనవ్వా!"

"గదీ నిజమే. నేను మూస్కుంట తియ్."

మూసుకుంది. వణుకు ఆగాక వేద్దామని మూడు నెలలు ఎదురుచూశాను. ఆ ముడతల చేయి ముందు నిలబడితే అది ఆగేది కాదని అర్థమైంది. చిటికెన వేలును అవ్వ చేతికే ఆనించి, వణుకుతూనే వేశాను. సూది వంకర పోలేదు.

పెద్ద నర్సమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి, "మీరు బయల్దేరండి. అమ్మాయి రాదు" అని మా బాపుతో చెప్పడం వినబడింది.

అవ్వ ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఎప్పుడేస్తవే?"

"ఏసిన అవ్వా. అయిపోయింది."

అవ్వ ఒక కన్ను తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, రెండో చేయి చాపింది.

"నొయ్యనే లేదు. గది పని జెయ్యదు. గీ చేతికి ఇంకోటి ఏయ్."