ఏడేళ్ళుగా వెళ్తున్న జబ్దీ

జబ్దీకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అందరికీ వెళ్ళొస్తానని చెప్పడం. చెప్పి, వెళ్ళకపోవడం.

సీదోను రేవులో చేపలకి ఉప్పు పట్టించి అమ్ముకునే ఈ జబ్దీ, ప్రభువు మాట చెప్పడానికి కుప్ర దీవికి బయల్దేరి అప్పటికి ఏడేళ్ళు. దీవి అక్కడే ఉంది, జబ్దీ ఇక్కడే ఉన్నాడు. ఆదివారం సాయంత్రం సంఘమంతా కలిసి రొట్టె విరిచాక లేచి నిలబడేవాడు. నడుముకి దట్టీ, చేతిలో కర్ర, కాళ్ళకి చెప్పులు. "సహోదరులారా, మీతో ఇదే నా కడసారి భోజనం. పొద్దున్నే ఓడెక్కుతున్నాను," అని ఒక్కొక్కరినీ కావలించుకుని బావురుమనేవాడు. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి అదే మనిషి, అదే కర్ర, అందరికన్నా ముందొచ్చి కూర్చునేవాడు.

"ఏమైంది జబ్దీ?"

"గాలి బాగోలేదు. వచ్చే వారం."

మొదటి ఏడాది ఆడవాళ్ళు ఏడ్చారు. రెండో ఏడాది దారిలో తినమని అత్తిపళ్ళు మూటకట్టారు. మూడో ఏడాది నుంచీ పళ్ళెంలోంచి తలెత్తకుండానే "మంచిది, వెళ్ళిరా" అనడం మొదలుపెట్టారు.

వెళ్ళే ముందు పాత తప్పులన్నీ ఒప్పుకోవడం ఇంకో తద్దినం. సంఘంలో చేరకముందు జబ్దీ చేపల్ని నీళ్ళలో నానబెట్టి బరువు పెంచి అమ్మేవాడు. ఆ సంగతి వారం వారం ఆబ్నేరుకి చెప్పుకుని కుమిలిపోయేవాడు. ఆబ్నేరు ఒకప్పుడు ఓడ మీద పనివాడు, తెరచాప కొయ్య మీంచి పడి కాలు పోగొట్టుకున్నాక వలలు బాగుచేసుకుని బతుకుతున్నాడు.

"ఆబ్నేరూ, ఆ ఏడు నీకు నానబెట్టిన చేప అంటగట్టాను. మన్నించు."

"మన్నించాను."

"మనస్ఫూర్తిగానేనా?"

"ఒరే, ఆ ఒక్క చేపనీ ఇప్పటికి మూడొందల సార్లు మన్నించాను. ఇంకోసారి గుర్తుచేశావంటే ఈ కర్రతో ఒక్కటిస్తాను, ఆ తర్వాత నువ్వు నన్ను మన్నిద్దువుగాని!"

ఊరంతటికీ ఇది నవ్వులాటే. నవ్వు రానిది ఒక్క మిల్కాకి. ఆమె జబ్దీ పెళ్ళాం. పిలుపొస్తే ఆలస్యం కాకూడదని ఆ మనిషి చెప్పులు విప్పకుండానే పడుకునేవాడు. ఏడేళ్ళుగా ఆమె పక్కలో సగం మొగుడు, సగం రేవు ఇసక. కూర్చుని ఒక ముద్ద తిన్నవాడు కాదు. గుమ్మంలోకి వెళ్ళి గాలి చూసేవాడు, లోపలికొచ్చి ఇంకో ముద్ద తినేవాడు, మళ్ళీ గుమ్మంలోకి. అతన్ని చూసీ చూసీ ఆమెకి కూడా కూర్చుంటే కాళ్ళు అదరడం మొదలైంది.

"వెళ్ళేవాడివైతే వెళ్ళు, ఉండేవాడివైతే ఆ చెప్పులు విప్పు! రెండూ కాకుండా నా ప్రాణం తియ్యకు," అనేది.

"ఆయన పిలిచాడే మిల్కా!" అనేవాడు జబ్దీ.

పిలిచిన మాట నిజమే. ఏడేళ్ళ కింద ఎక్కడినుంచో ఒక ముసలి బోధకుడు రేవులో దిగాడు. ఊళ్ళో ఇంతమంది మంచివాళ్ళుండగా, మోచేతుల దాకా చేప పొలుసులతో, నోటి నిండా అబద్ధంతో బేరమాడుతున్న జబ్దీ ముందు ఆగి, "నాతో కుప్రకి రా," అన్నాడు. జబ్దీ కత్తి అక్కడే పారేసి ఆయన వెంట పడ్డాడు. సగం దూరం పోయాక చూసుకుంటే కాళ్ళకి చెప్పుల్లేవు. ఇంటికి పరిగెత్తాడు. అప్పుడే దించిన చిక్కుడుగింజల పులుసు వాసనొచ్చింది. ఒక్క గిన్నె తాగి పోదామనుకున్నాడు. రెండోది తాగి రేవుకొచ్చేసరికి ఓడ కనుచూపు మేర దాటిపోయింది. అదిగో, ఆ రోజు నుంచీ చెప్పులు విప్పలేదు. ఆ పులుసూ ముట్టలేదు.

ఇదంతా ఒకెత్తు, సామాను సంగతి ఇంకో ఎత్తు. అప్పుడప్పుడు, బయల్దేరే ముందు, ఇంట్లోంచి ఒక వస్తువు మాయమయ్యేది. "నేను లేనప్పుడు నీకు చాకిరీ దేనికే, తెలిసినవాళ్ళింట్లో దాచిపెట్టాను," అనేవాడు. మేక పోయింది. ఉన్ని శాలువా పోయింది. మిల్కా తల్లి ఇచ్చిన రాగి గంగాళం పోయింది. దాంతో మిల్కా అతనితో మూడు రోజులు మాట్లాడలేదు.

గాడిద సంగతి మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే అది సంఘపెద్ద బర్జిల్లయి ఇంట్లోనే ఉంది. దాని పేరు బిలాము. సరిగ్గా ప్రార్థన మధ్యలో ఓండ్రపెట్టేది. తెల్లారకుండానే తలుపు తన్ని గడ్డి అడిగేది. బావి దాకా తనని నడిపిస్తే తప్ప నీళ్ళు ముట్టేది కాదు, అదీ బర్జిల్లయి నడిపిస్తేనే. మాట పడని మనిషి ఆయన. అలాంటాయన ఒక గాడిదకి ఊడిగం చేస్తున్నాడు.

"ఒరే జబ్దీ, నీ గాడిదని ఎప్పుడు తోలుకెళ్తావు?"

"కుప్ర వెళ్ళొచ్చాక పెద్దయ్యా."

"నువ్వెప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు రావాలి! ఈలోగా ఇది నన్ను పాతిపెట్టి గానీ పోదు!"

ఏడో ఏడు వసంతంలో కుప్ర సంఘానికి ఒక ఉత్తరం పంపాల్సి వచ్చింది. బర్జిల్లయి అందరి ముందూ కర్ర నేలకేసి కొట్టాడు.

"జబ్దీ, చాలు. ఎనిమిదో రోజున, సోమవారం పొద్దున్న ఓడ ఉంది. వచ్చే ఆదివారం ఇక్కడ నిలబడి రెండిట్లో ఒకటి చెప్పు. ఉత్తరం పట్టుకుని ఓడెక్కుతావా, లేకపోతే 'నేను వెళ్ళను, ఎప్పటికీ వెళ్ళను' అని చెప్పి కూర్చుంటావా? ప్రభువు పిలుపు నవ్వులాట కాదు."

ఆ వారమంతా జబ్దీ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వీధిలోకీ తిరిగాడు. మిల్కాకి మొదటిసారి భయం పట్టుకుంది. తిట్టడానికైనా ఈ మనిషి ఉండాలి కదా ఇంట్లో! అయినా, నిజంగా పోయేవాణ్ణి ఒట్టి చేతులతో పంపలేం. శాలువా, గంగాళం ఎవరి దగ్గరున్నాయో ఊళ్ళో వాకబు చేసి, శుక్రవారం పొద్దున్నే తెద్దామని బయల్దేరింది.

మొదట ఆబ్నేరు ఇల్లు. శాలువా అతని భుజాల మీదే ఉంది.

"దీని కోసమా వచ్చావు? తీసుకో తల్లీ," అన్నాడు వెంటనే. "పెట్టెలో పెడితే చిమటలు కొట్టేస్తాయట, ఒంటి మీద ఉంటేనే భద్రమట. చలికాలమంతా కప్పుకోలేక చచ్చాననుకో. ఏం చేస్తాం, జబ్దీ మొహం చూసి ఒప్పుకున్నాను. నేను ఒకరి దగ్గర చెయ్యి చాచేవాణ్ణి కాదు గానీ, ఒకరికి సాయమంటే కాదనను."

సంఘం నుంచి రొట్టెల బుట్ట పంపిస్తే దాన్ని వీధిలోకి విసిరిన మనిషి ఈ ఆబ్నేరు. మిల్కా శాలువా వైపు చూసింది. అతని గుడిసె గోడలో పగుళ్ళు చూసింది.

"ఉండనీ అన్నా. ఇంకా గాలి కుదరలేదు," అంది.

తర్వాత దారిలోనే కెజీయా ఇల్లు. రంగులద్దే మొగుడు పోతే, తనూ ఆ పనే చేసుకుంటూ, మోచేతుల దాకా ఊదారంగుతో ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. గుమ్మంలో మేక, మేక వెనక రెండు పిల్లలు.

"మీ ఆయనకి బొత్తిగా తెలివి లేదక్కా, ఏమనుకోకు," అంది కెజీయా. "పాలు పితక్కపోతే పొదుగు వాస్తుందని ఏడుపు. ఆ పాలేం చెయ్యమంటావయ్యా అంటే, పారబోస్తావో తాగుతావో నీ ఇష్టం అన్నాడు. పాలు పారబోస్తామా ఎక్కడైనా! పిల్లలకి పోస్తున్నాను. నేను గనక లేకపోతే ఈ మేక ఏమైపోయేదో! రేపు తోలుకురానా? మీది మీకు అప్పజెప్పేస్తే నాకూ బరువు దిగుతుంది."

కెజీయా చిన్న కూతురు మేకపిల్లని గట్టిగా వాటేసుకుంది. "ఇప్పుడు వద్దులే," అంది మిల్కా. ఆ పిల్ల పుట్టినప్పుడు బతకదన్నారు.

ఇక గంగాళం. అది రేవులో అనాతు దగ్గరుంది. అనాతు సంఘం మనిషి కాదు, ఊరి దేవతలకి మొక్కుకునే ఒంటరి ముసలమ్మ. గంగాళం నిండా కందిపప్పు లాంటి ఎర్రపప్పు జావ కాస్తోంది, చుట్టూ హమాలీలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

"రోజూ పొయ్యి మీద పెట్టకపోతే రాగి చిలుమెక్కుతుందన్నాడమ్మా మీ ఆయన," అంది అనాతు చెమట తుడుచుకుంటూ. "ఉట్టి గంగాళం పొయ్యి మీదెలా పెడతాను? ఇదిగో, ఈ జావ కాచి అమ్ముతున్నాను. మీ వాళ్ళు దానం చేసినా నేను తీసుకోను, తర్వాత మీ దేవుడికి మొక్కమంటారు. ఇది దానం కాదుగా, కాపలా!"

అమ్మ గంగాళం తళతళా మెరుస్తోంది. ఇంట్లో ఉండగా ఎప్పుడూ అంత మెరవలేదు. మిల్కాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక గిన్నె జావ తాగి ఇంటికొచ్చింది.

జబ్దీ గుమ్మంలో గాలి చూస్తున్నాడు.

"నీ సామానంతా చూసొచ్చాను," అంది.

జబ్దీ అదిరిపడ్డాడు. "ఇచ్చేశారా?"

"లేదు."

"హమ్మయ్య!" అని గడప మీదే కూలబడ్డాడు. ఏడేళ్ళలో ఆ మనిషి ఇంట్లో కూర్చోవడం అదే మొదలు. "ఏం చెయ్యనే మిల్కా! మొదట్లో నిజంగానే వెళ్దామనుకున్నాను, నిజంగానే దాచమన్నాను. కెజీయా పిల్లలు ఆ పాలు తాగడం చూశాక కాళ్ళాడలేదు. వెళ్ళొస్తే, వచ్చాడుగా అని మేకని ఇచ్చేస్తుంది. వెళ్ళనని చెబితే రేపే ఇచ్చేస్తుంది. ఊరికే ఉంచుకోమంటే మొహాన కొడుతుంది. నేను ఎప్పుడూ వెళ్తూనే ఉండాలి. ఇంకో దారి లేదు." చెప్పుల వైపు చూసుకుంటూ చిన్నగా అన్నాడు: "ఆయన ఇంతమందిలో నన్ను పిలిచాడు. నేను మాత్రం సందు దాటలేదు. పైన కనిపిస్తే ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?"

మిల్కాకి ఆ చెప్పుల కాళ్ళ మీద మొదటిసారి జాలేసింది. వంగి వాటికంటిన ఇసక దులిపింది. గాడిద సంగతి అడగాలని అప్పటికి తట్టలేదు.

ఆదివారం సాయంత్రం బర్జిల్లయి ఇంటి వాకిట్లో సంఘమంతా కూడింది. రొట్టె విరవడం అయింది. పెద్దయ్య ఉత్తరం చేతిలో పట్టుకుని, "చెప్పు," అన్నాడు.

జబ్దీ లేచాడు. నోరు తెరిచాడు. ఏడేళ్ళుగా నోరు మూతపడని మనిషికి మాట రాలేదు.

"వెళ్ళనంటాడేమో పాపం," అంది కెజీయా పక్కావిడతో. "అయితే మేకని రేపు తోలుకొచ్చేస్తాను."

"నాకీ శాలువా పీడా వదులుతుంది," అన్నాడు ఆబ్నేరు, దాన్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటూ.

సరిగ్గా అప్పుడే లోపల బిలాము తలుపు తన్ని ఓండ్రపెట్టింది.

"వస్తున్నా, వస్తున్నా!" అని బర్జిల్లయి అలవాటు కొద్దీ లేచి, ఉత్తరం చేతిలోనే పట్టుకుని గడ్డి వెయ్యడానికి కొట్టంలోకి నడిచాడు. ఆయన నడకే చూస్తున్న మిల్కాకి ఒక్కసారిగా ఏదో వెలిగింది. గబగబా వెనకాలే వెళ్ళింది.

"పెద్దయ్యా, ఈ గాడిద మీ ఇంటికొచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఎన్నాళ్ళేమిటి, నా కర్మ కొద్దీ ఆరేళ్ళు! మా హెప్సీబా పోయిన..." అని ఆగిపోయాడు.

భార్య పోయాక ఆయన పది రోజులు తలుపు తియ్యలేదు. అన్నం ముట్టలేదు. సంఘం వాళ్ళు వచ్చి వాక్యాలు చెబితే, వినపడనట్టు గోడకి తిరిగి పడుకున్నాడు. పదకొండో రోజు పొద్దున్నే తలుపు మీద ఒకటే తన్నులు. తీసి చూస్తే గాడిద, దాని తాడు పట్టుకుని జబ్దీ. "ఓడకి వేళయింది పెద్దయ్యా, వెళ్ళొచ్చేదాకా చూడండి. ఎవరైనా బావి దాకా నడిపిస్తే గానీ నీళ్ళు తాగదు."

బర్జిల్లయి గాడిద వైపు చాలాసేపు చూశాడు. అది ఆయన చేతిలోని ఉత్తరం అంచు కొరికింది. ఆయన దాని మెడ నిమిరి గడ్డి వేశాడు.

"ఇంకెవరికైనా తెలుసా?" అన్నాడు మెల్లగా.

"మనిద్దరికే. మిగతా సామాను సంగతి నేను తర్వాత చెబుతాను."

బయటికొచ్చేసరికి జబ్దీ ఇంకా నిలబడే ఉన్నాడు. బర్జిల్లయి వాకిలి మధ్యకి వచ్చి, వేలు నాలికకి తడి చేసుకుని పైకెత్తాడు. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

"పడమటి గాలి," అన్నాడు గంభీరంగా. "ఏం బాగోలేదు. ఉత్తరం రేపటి ఓడలో పోయే గాజు వ్యాపారితో పంపుదాం, ఓడ మునిగినా వాడికి ఈత వచ్చు. జబ్దీ వచ్చే వారం వెళ్తాడు."

"ఛ, మళ్ళీ వారమంతా మోయాలా దీన్ని!" అని ఆబ్నేరు శాలువా సర్దుకున్నాడు. కెజీయా నిట్టూర్చింది గానీ, ఆ నిట్టూర్పులో బాధేమీ లేదు.

జబ్దీ ఆ రోజు అందరినీ మామూలుగానే కావలించుకున్నాడు. చేప సంగతి చెప్పి ఆబ్నేరు చేత తిట్టించుకున్నాడు. చివర్న పెద్దయ్య దగ్గరికొచ్చాడు.

"వెళ్ళొస్తాను పెద్దయ్యా."

"మంచిది."

"గాడిద సంగతి... వెళ్ళొచ్చాక..."

"తొందరేం లేదురా," అన్నాడు బర్జిల్లయి, జబ్దీ భుజం మీద చెయ్యి వేసి. "నిదానంగా వెళ్ళిరా."

మిల్కా ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చిక్కుడుగింజల పులుసు కాచింది. జబ్దీ రెండు గిన్నెలు తాగాడు, కూర్చునే.