మడతలోకి పాకిన సిరా

పోయిన ఆదివారం కర్నూలులో మా మేడం చనిపోయారు. పత్రాల మీది సంతకాలను, సిరాలను మైక్రోస్కోపుతో పరీక్షించి కోర్టుకు అభిప్రాయం చెప్పడం ఆమె పని. నాకు ఆ పని నేర్పింది ఆమే. దుఃఖం కాస్త కుదుటపడ్డాక రాసి ఉండేదాన్ని. కానీ ఆమె చెప్పవలసిన సాక్ష్యం ఒకటి మిగిలిపోయింది, దాని వాయిదా దగ్గరపడింది. అందుకే ఇప్పుడే ఈ పత్రికలో రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనుల్లో పనిచేసే కుటుంబం. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. చేరిన రోజు మేడం ఒక నల్లగీత, నీలిగీత దాటుకునే చోటు చూపించి ఏది పైన ఉందని అడిగారు. నల్లది అన్నాను.

"అందరికీ అట్లే కనపడతాదిలేమ్మా. నలుపెప్పుడూ పైకెక్కి కూచున్నట్టే ఉంటాది. లైటు పక్కకు వంచు, కాయితం తిప్పు. టీ తాగి మళ్లా చూడు."

ఎవరికైనా అంతే. తొందరపెట్టే లాయర్లను కూడా టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు.

ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒకామె కేసు వచ్చింది. భర్త లేడు. బోరుకు కరెంటు తెప్పిస్తానని మరిది అడిగితే ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేసి ఇచ్చింది. అదే కాగితం తర్వాత ఆమె చేను అమ్మిన ఒప్పందంగా కోర్టులో తేలింది.

"ఇంట్లోనే సంతకం జేసి, నాలుగు మడతలు పెట్టి, రొంట్లో దోపుకొని పోయి ఇచ్చినా తల్లీ. అప్పుడు దాంట్లో ఒక్కచ్చరం లేదు."

కోర్టు అనుమతితో ఆ కాగితాన్ని పరీక్షించాం. మడత మీద సంతకం బాల్‌పెన్ను సిరా పెచ్చులేచి తెగింది. ఒప్పందం రాసిన జెల్ పెన్ను సిరా మాత్రం అదే మడతలో చిట్లిన కాగితం పీచులోకి పాకింది. అంటే సంతకం ముందు, మడత తర్వాత, రాత ఆఖరున. నాతోపాటు శిక్షణలో ఉన్న ఇద్దరూ మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూశారు.

కోర్టు వరండాలో మరిది తరఫు లాయరు నవ్వాడు. "ఏం మేడమ్, భూతద్దంలో చేను కనపడిందా?"

"చేను కనపడలేదప్పా. మీ క్లయింటు తొందర కనపడింది."

సాక్ష్యం చెప్పడానికి మేడం కర్ర పట్టుకుని బస్సెక్కి పోయిన ప్రతిసారీ ఆ లాయరే వాయిదా అడిగాడు. బోనెక్కే అవకాశం ఆమెకు రానే లేదు. ఈలోగా ఆ కాగితం చిరిగిపోతుందని కోర్టు ఆఫీసులో ఎవరో మంచి మనసుతో లామినేషన్ చేయించారు. ఆ వేడికి మడత అణిగిపోయింది. ఇప్పుడు ఎవరు చూసినా ఏమీ తేలదు. ఆ కబురు విన్న రోజు మేడం టీ ముట్టలేదు.

సమాధుల తోటలో అందరికంటే పెద్ద దండ ఆ లాయరుదే. "శానా గొప్ప మనిషి," అని, గొంతు తగ్గించి నన్నడిగాడు: "ఇంగ ఆ రిపోర్టు గురించి ఎవురు చెప్తారమ్మా?"

పల్లె నుంచి ఆమె కూడా వచ్చింది. "మేడం లేదు గదా. నా చేను పోయినట్టేనా తల్లీ?" అంది. చర్చివాళ్లు పంచిన ప్రార్థన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంట్లో దోపుకుంది.

ఆ రోజు నా పక్కన కూర్చుని చూసిన ఇద్దరికీ ఈ మాట. ఫోన్లు చేశాను, మీరు ఎత్తలేదు. ఉద్యోగాల్లో ఇబ్బందులుంటాయి, కాదనను. కానీ ముగ్గురం చూసినదాన్ని నేనొక్కదాన్నే చెబితే నిలవదు. వచ్చే నెల పదో తేదీలోగా ఈ పత్రికకు ఒక్క ముక్క రాయండి. సాక్ష్యానికి వస్తారో, రారో.